‘రోగనిరోధక శక్తి’ భావన – హార్మోన్ల దృష్ట్యా ఒక విమర్శ

తెలుగు వైజ్ఞానిక రచనలో ‘ఇమ్యూనిటీ’కి ‘రోగనిరోధక శక్తి’ అన్న పదం స్థిరపడింది. జ్ఞాపకశక్తి, జీర్ణశక్తి వంటి మాటల వరుసలో చేరడం వల్ల అది పెంచుకోదగినదనీ, ఎంత ఎక్కువైతే అంత మేలనీ పాఠకునికి స్ఫురిస్తుంది. హార్మోన్లకూ రోగనిరోధక వ్యవస్థకూ గల సంబంధాన్ని పరిశీలిస్తే ఈ స్ఫురణ నిలవదు.

తీవ్రమైన ఒత్తిడికి గురైన ఎలుకలలో అడ్రినల్ గ్రంథులు పెరగడాన్నీ, థైమస్ కుంచించుకుపోవడాన్నీ హాన్స్ సెల్యే 1936లో ప్రకటించాడు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ రోగికి కార్టిజోన్ ఇవ్వగా కొద్ది రోజులలోనే ఉపశమనం కలిగింది. అడ్రినల్ హార్మోన్లు రోగనిరోధక వ్యవస్థను అణచివేస్తాయన్న అభిప్రాయం ఇటువంటి ఫలితాలతో బలపడింది. అయితే అది అర్ధసత్యం మాత్రమే.

సూక్ష్మజీవి ప్రవేశించినప్పుడు మాక్రోఫేజ్ కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 వంటి సైటోకైన్లను విడుదల చేస్తాయి. వాటి ప్రేరణతో హైపోథలామస్ నుంచి వెలువడిన సంకేతం పిట్యూటరీ ద్వారా అడ్రినల్ గ్రంథికి చేరి, కార్టిసాల్ స్రవిస్తుంది. ఆ కార్టిసాల్ తిరిగి సైటోకైన్ల ఉత్పత్తినే తగ్గిస్తుంది. అంటే తనకు కళ్లెం వేసే హార్మోన్‌ను రోగనిరోధక వ్యవస్థే రప్పించుకుంటున్నది. రక్షణ చర్యలు హద్దు మీరి శరీరాన్నే దెబ్బతీయకుండా ఆపడం ఈ హార్మోన్ల పని అని 1984లో అలన్ మంక్, ఆయన సహరచయితలు ప్రతిపాదించారు. అడ్రినల్ గ్రంథులు తొలగించిన జంతువులు, మామూలు జంతువులు తట్టుకోగల ఎండోటాక్సిన్ మోతాదుకే మరణించడం ఈ ప్రతిపాదనను సమర్థిస్తుంది.

2020లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ ప్రయోగం ఈ చర్చకు కీలకం. డెక్సామెథసోన్ వల్ల వెంటిలేటర్‌పై ఉన్న కోవిడ్ రోగులలో మరణాలు సుమారు మూడింట ఒక వంతు, ఆక్సిజన్ మాత్రమే పొందుతున్నవారిలో ఐదింట ఒక వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారిలో ప్రయోజనం కనిపించలేదు. నిరోధం పెరగడమే ఎల్లప్పుడూ మేలైతే మొదటి రెండు ఫలితాలు రావు. అణచడమే మేలైతే మూడవది రాదు. ఈ వివేచన లోపించినచోట నష్టం తీవ్రమైంది. 2021లో భారతదేశంలో మ్యూకార్‌మైకోసిస్ ప్రబలడానికి అదుపులో లేని మధుమేహంతోపాటు స్టెరాయిడ్ల విచక్షణారహిత వాడకాన్నీ వైద్యులు కారణంగా చూపారు. అదే కాలంలో ‘ఇమ్యూనిటీ పెంచే’ కషాయాలు, మాత్రలు విరివిగా ప్రచారం పొందాయి. ఈ రెండు ధోరణులకూ మూలం ఒక్కటే: మోతాదునూ, సమయాన్నీ విస్మరించడం.

వాడుకలో పాతుకుపోయిన పదాన్ని తొలగించడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. అయితే పాఠ్యగ్రంథాలు ‘రోగనిరోధక ప్రతిస్పందన’, ‘నియంత్రణ’ అన్న పదాలను దానితో జతచేసి బోధించాలి. రోగనిరోధక వ్యవస్థనూ, అంతఃస్రావ గ్రంథులనూ వేర్వేరు అధ్యాయాలకు పరిమితం చేసే పద్ధతిని కూడా పునఃపరిశీలించాలి.