తిథి మారింది, గడి మారలేదు

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒకే ఒక్క వరుస: డైనమిక్‌వేరియబుల్స్=1. రెయిన్‌మీటర్‌తో డెస్క్‌టాప్ మీద పంచాంగం గడి కట్టేవాళ్లు, తిథి మారడం లేదని గమనించగానే ఈ వరుసను స్క్రిప్టులోని ప్రతి విభాగంలోనూ అతికిస్తారు. గడి కదులుతుంది, పని అయిపోయిందనుకుంటారు. తెర మీది ప్రతి అంకె తాను ఎప్పటిదో చెప్పగలగాలన్నది ఈ కాలమ్ పాత పాటేనని పాఠకులకు తెలుసు. ఆ లెక్కన, అన్నింటినీ మారేవేనని ప్రకటించేస్తే ఏది ఎందుకు మారుతుందో ఆలోచించడం మానేసినట్టే.

2001లో కిమ్మో పెక్కోలా మొదలుపెట్టిన రెయిన్‌మీటర్‌లో స్కిన్ అంటే మామూలు అక్షరాల ఫైలు. తెలుగు అక్షరాలుంటే దాన్ని యూటీఎఫ్-16లో భద్రపరచాలి. వేరియబుల్స్ విభాగంలో ఒక పేరుకు విలువ రాసి, కావలసిన చోట ఆ పేరును రెండు హ్యాష్ గుర్తుల మధ్య పెడతాం. స్కిన్ తెరుచుకునేటప్పుడు పేరున్న చోట విలువ వచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాత సెకనుకోసారి స్కిన్ తాజా అవుతున్నా, కూర్చున్న విలువ లేవదు. డైనమిక్ వరుస ఉన్న విభాగం మాత్రం తాజా అయిన ప్రతిసారీ తన వరుసలను మళ్లీ చదువుకుంటుంది. చాలా చోట్ల ఆ అవసరమే రాదు. తెర మీద చూపించే మీటర్‌ విభాగానికి, విలువను లెక్కించే మెజర్ విభాగం పేరు ఇస్తే చాలు, కొత్త విలువ దానంతటదే వచ్చి చేరుతుంది. క్యాల్క్ ఫార్ములాలో మెజర్ పేరును బ్రాకెట్లు లేకుండా రాసినా అంతే.

తమిళనాడులోని తిరుత్తణిలో ఒక తెలుగు ఇంటి గడిని ఊహించుకుందాం. తేదీ అర్ధరాత్రి మారుతుంది. తిథికి ఆ కట్టుబాటు లేదు. చంద్రుడు సూర్యుడికన్నా పన్నెండు డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి పూర్తవుతుంది, అందుకు సుమారు 19 నుంచి 26 గంటలు పట్టవచ్చు. అంటే అది నట్టమధ్యాహ్నమైనా మారవచ్చు. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని కంఠస్థం చేసుకున్నాం గానీ, అది సూర్యుడు సరిగ్గా ఆరింటికి ఉదయిస్తాడనుకుని కట్టిన లెక్క. పగటిని ఎనిమిది భాగాలు చేసి అందులో రెండోది తీసుకోవాలి. తిరుత్తణిలో జూన్‌లో ఆరుకు ముందే తెల్లవారుతుంది, జనవరిలో ఆరున్నర దాటుతుంది. ఇక దగ్గర్లోని పూండి జలాశయం: నిండితే 3,231 మిలియన్ ఘనపుటడుగులు. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణా నీళ్లు చేరేదీ అందులోకే. నిల్వ అంకెలు రోజుకోసారి వెలువడతాయి. వెబ్ పేజీ నుంచి వాటిని తెచ్చే వెబ్‌పార్సర్‌ను దాని మానాన వదిలేస్తే పది నిమిషాలకోసారి వెళ్లి అదే అంకెను మళ్లీ మళ్లీ తెస్తుంది. ఆకాశానికొక నడక, చెరువుకొక నడక. రెండింటికీ సెకను ముల్లు తగిలిస్తే లాభం లేదు.

మనిషి మార్చేవి వేరే ఉన్నాయి. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, తమిళ సంవత్సరాది ఏప్రిల్ 14న. మధ్య రెండు వారాల పాటు తెలుగు పంచాంగం విశ్వావసు అంటుంటే తమిళ పంచాంగం ఇంకా క్రోధి అంటూనే ఉంది. ఆ ఊళ్లో రెండూ కావాలి. కాబట్టి ఏ పంచాంగమో ఎంచుకునే మీట ఒకటి పెట్టాలి. మీట నొక్కితే సెట్‌వేరియబుల్ అనే ఆదేశం (బ్యాంగ్) విలువను అప్పటికప్పుడు మారుస్తుంది, కానీ స్కిన్‌ను రిఫ్రెష్ చేసి మళ్లీ తెరిస్తే అది పోతుంది. నిలవాలంటే రైట్‌కీవాల్యూతో ఫైలులో కూడా రాయాలి. డైనమిక్ వరుసకు నిజమైన చోటు ఇలాంటిదే: ఆ మీట మీద ఆధారపడిన ఒకటి రెండు విభాగాలు.

ఇప్పటి కంప్యూటర్లకు ఇదొక బరువా అని అడగవచ్చు. కాదు, బరువు చాలా కొద్దిదే. నా అభ్యంతరం యంత్రం తరఫున కాదు, ఆ స్క్రిప్టును రేపు చదివే మనిషి తరఫున. కొన్నిచోట్లే ఉన్న డైనమిక్ గుర్తు అతనికి దారి చూపుతుంది, అంతటా ఉన్న గుర్తు ఏమీ చెప్పదు. నా వాదనకు ఎదురయ్యే రెండో ప్రశ్న ఇంకా గట్టిది: స్థిరమనుకున్నది మారితే? ఊరి పేరు, జిల్లా, రాష్ట్రం స్థిరాలు కదా, వాటిని నేరుగా రాసేస్తే పోలా అనిపిస్తుంది. తిరుత్తణి దీనికి ఒప్పుకోదు. 1953లో అది ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సవరణతో చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాకు వెళ్లింది. 1969లో ఆ రాష్ట్రం తమిళనాడైంది. 1997లో చెంగల్పట్టు జిల్లాను విడదీస్తే తిరువళ్లూరు జిల్లాలోకి వచ్చింది. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరు ఉన్నచోటే ఉంది, చిరునామా మాత్రం ఇన్నిసార్లు మారింది. ఆ ఊరి సుబ్రహ్మణ్యస్వామి కొండకు ఏడాది రోజులకు గుర్తుగా 365 మెట్లంటారు. లీపు సంవత్సరంలో ఆ లెక్కకూ ఒక మెట్టు తక్కువే.

అందువల్ల మొదట అన్న మాటను కొంత సరిదిద్దుకోవాలి. ప్రతి విభాగంలో ఆ వరుస అతికించినవాళ్ల అనుమానం సరైనదే: ఏదీ స్థిరం కాదు. వాళ్లు ఎంచుకున్న మందే సరిపడదు. 1960లో మారిన రాష్ట్రాన్ని సెకనుకోసారి చదివినా, ఫైలులో పాత పేరే ఉంటే పాత పేరే కనిపిస్తుంది. ప్రతి విలువనూ ఒకేచోట రాయండి. దాని పైన సెమికోలన్ పెట్టి, ఇది ఎవరు మారిస్తే మారుతుందో, ఎప్పటి నుంచి చెల్లుతోందో ఒక వరుసలో చెప్పండి: చంద్రుడా, జలాశయం అధికారులా, శాసనమా, ఇంట్లోవాళ్లా. పూండి నిల్వ పక్కన తేదీ వేయండి. రెయిన్‌మీటర్ ఆ సెమికోలన్ వరుసను చదవదు. రేపు ఆ ఫైలు తెరిచే మనిషి చదువుతాడు, ఏ విలువను ఎప్పుడు మార్చాలో అతనికి తెలుస్తుంది.