దక్షిణ తెలంగాణమున కంఠ్యధ్వనులు: ఒక విమర్శ

నల్లగొండ, మహబూబ్‌నగరు సీమల తెలుగు ఉర్దూ సంపర్కముచే చెడినదని చెప్పుట విమర్శకులలో కొందరికి అలవాటు. చూపు నిదర్శనములలో ముందు వచ్చునవి కంఠ్యధ్వనులు. ‘ఖరారు’, ‘ఖైదు’, ‘ఖాయము’, ‘ఖిల్లా’ అను మాటలలోని ఖకారమును చూపి, ఇది పరాయి గొంతుక యందురు. వాదము వినుటకు సులభముగానే యున్నది గాని, వర్ణములను విడదీసి చూచినచో నిలువదు. పాలమూరు విద్యార్థి వ్రాసిన మాటను అపభ్రంశమని గీటు పెట్టి కొట్టివేయు పరీక్షకులు ఉన్నంతవరకు ఇది కేవలము పండితుల వినోదచర్చ కానేరదు.

మన శిక్షాకారులు అకారమునకు, కవర్గమునకు, హకార విసర్గములకు కంఠమే స్థానమనిరి. ఆధునిక ధ్వనిశాస్త్రము ఈ ఒక్క స్థానమును పలు అరలుగా విభజించినది. మన కకారము నాలుక వెనుకభాగము మెత్తని అంగిలిని తాకగా పుట్టును. అరబ్బీలో రెండుచుక్కల ‘కాఫు’ ఇంకను వెనుకకు, కొండనాలుక కడ పుట్టును. ‘ఖే’ దాని చేరువనే ఊపిరి రాపిడితో పుట్టును. దాని నాదరూపము ‘ఘైను’. ‘ఐను’, ‘పెద్ద హే’ అంతకంటె లోతున గళబిలమున పుట్టును. ‘హమ్జా’ స్వరతంత్రులు మూసికొని విడివడుటయే. ఇందు గమనింపదగిన దొకటి కలదు. మన ఖకారము స్పర్శము, మహాప్రాణము. ఆ ‘ఖే’ ఊష్మము. తెలుగు లిపిలో రెండింటికిని ఒకే అక్షరము వేయుటచే, చదువరి అవి ఒకటే యనుకొనుచున్నాడు.

అరబ్బీ గొంతుతో కొలిచినచో ముందుగా చెడినది ఉర్దూయే కావలెను. ఉర్దూ ‘ఐను’ను వ్రాయును గాని పలుకదు, రెండు హకారములను ఒక్కటిగా పలుకును. టెహరాను ఫారసీలో ‘కాఫు’, ‘ఘైను’ కలిసిపోయినవి. కైరో నగరపు అరబ్బీలోనే ‘కాఫు’ సాధారణముగా హమ్జాగా మారినది. వీనిని భ్రష్టభాషలని యెవ్వరును అనరు. ఈ తీర్పు పాలమూరు రైతుకే ఎందులకు?

ఇక ‘ఖరారు’ మొదలగు వాని సంగతి. వీని మూలములలో ఉన్నది ‘ఖే’ కాదు, రెండుచుక్కల ‘కాఫు’. మరాఠీ వీనిని కరార్, కైద్, కాయమ్, కిల్లా అని కకారముతోనే స్వీకరించినది. తెలుగున మాత్రము ఖకారమేల వచ్చినది? దక్కనీ ఉర్దూ మాటలాడువారు ఆ ‘కాఫు’ను ‘ఖే’గా పలుకుదురు, కలమును ఖలమ్ అందురు. కావున ఈ ఖకారము గ్రంథముల నుండి గాక దక్కనీ నోటినుండి దిగిన దనుట యుక్తము. అదే ధ్వని గల ‘కౌలు’, ‘కిస్తు’, ‘కలము’ కకారముతో నిలిచినవి. అవి వేఱొక మార్గమున వచ్చియుండవచ్చును. అయితే ‘ఖరారు’, ‘ఖైదు’, ‘ఖాయము’ బెజవాడ, గుంటూరు వారి వ్రాతలలో లేవా? అచట శిష్టభాషయై, కృష్ణ దాటగానే భ్రష్టమగుట మాకు అర్థము కాని వింత.

‘ఐను’ లోపించిన తీరు మఱింత ఆసక్తికరము. ‘అమలు’, ‘అర్జీ’లలో పదాదిని అది జాడ లేకుండ పోయినది. ‘జిల్లా’, ‘ఖిల్లా’లలో లకారము ద్విత్వమైనది. మరాఠీ కిల్లాలోను ద్విత్వమే కలదు. కావున ఇది తెలుగువారి సొంత కల్పన యనుటకు వీలులేదు. వనపర్తి సీమలోని ఖిల్లా ఘనపురము పేరిట దక్కనీ ఖకారము, ‘ఐను’ పోగా మిగిలిన ద్విత్వము, సంస్కృత ఘకారము ఒక్కచోట చేరినవి.

గ్రామీణుని నోట కథ వేఱు. అతనికి ఖరారు ‘కరారు’, ఖర్చు ‘కర్సు’, హుజూర్‌నగరు ‘ఉజూర్‌నగరు’. ‘ఖబర్’ కబురైనది, ‘కాగజ్’ కాగితమైనది. చిన్నయసూరి తెలుగునకు చెప్పిన ముప్పదియాఱు వర్ణములలో ఖకారము లేదు. ఆ సూత్రమును చదువనివాడే దానిని తప్పక పాటించుచున్నాడు. ఉర్దూ యితని గొంతును మార్చలేదు. ఇతడే ఉర్దూమాటను తన గొంతునకు తగినట్లు మలచుకొన్నాడు. కవులు చేసినదియు నిదియే. 1550 నుండి 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు ‘ఇభరాము’డనిరి. నడుమ నున్న హకారము ముందున్న బకారమున చేరి భకారమైనది. తపతీసంవరణోపాఖ్యానమును అద్దంకి గంగాధరకవి అంకితమిచ్చినది ఈ ప్రభువునకే. దానిని కవిసమయముగా మెచ్చుకొని, రైతు ‘కరారు’ను వెక్కిరించుట న్యాయము కాదు.

బ్రౌను 1854లో అన్యదేశ్యములకు వేఱుగా మిశ్రభాషా నిఘంటువు కూర్చెను. అది ఉపయోగార్థమైన ఏర్పాటు. తరువాతివారు దానిని శుద్ధికి ఎల్లగా భావించిరేమో యని మా అనుమానము.

మాండలిక కథకులపైనను మాకొక అభ్యంతరము కలదు. పాకాల యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’ 1973లో వెలువడిన పిమ్మట పాలమూరు పలుకుబడికి కథలో గౌరవస్థానము దక్కినది. కాని అనంతరము కొందరు, తెలంగాణపు రంగు కొఱకు పాత్రలన్నింటి నోటను ఖకారములు చల్లుచున్నారు. కచేరీలో ఉర్దూ దస్తావేజులు చదివిన పట్వారీ ‘ఖరారు’ అనును; ఎదుట నిలిచిన కౌలుదారు ‘కరారు’ అనును. ఇద్దరికిని ఒకే వ్రాత పెట్టినచో ఆ గదిలో ఎవరికి అధికారము కలదో చెప్పు గుర్తు చెఱగిపోవును. ‘మక్తా’, ‘మఖ్తా’ అని రెండు వ్రాతలు గల భూమిహక్కు మాటయు నిట్టిదే. అందలి ‘కాఫు’ ఒకచోట ఒకటిగాను, ఇంకొకచోట మఱొకటిగాను మారగా, చివరి ‘ఐను’ రెండింటను పోయినది. నిఘంటుకర్త రెండు రూపములను ఎక్కించి, ఏది ఎవరి నోటిదో చెప్పవలెను.

కొండనాలుక ధ్వనులు ద్రావిడమునకే పరాయివను మాట యైనను సరికాదు. మన ‘కన్ను’కు బ్రాహుయీలోను, కురుఖులోను మొదట నున్నది రాపిడి ‘ఖే’. రాజమహల్ కొండల మాల్తోలో అదే మాట రెండుచుక్కల ‘కాఫు’తో మొదలగును.