కదలని ఇంజన్, కనిపించని మోటారు

అరవైలనాటి ఏఎంటీ కంపెనీ ప్లాస్టిక్ కారు కిట్ ఒకటి ఓపిగ్గా కట్టి బానెట్ ఎత్తితే లోపల వీ-8 ఇంజన్ ఉంటుంది. ఎయిర్ క్లీనర్, రేడియేటర్, ఫ్యాను, దాని బెల్టు, ఎగ్జాస్ట్ గొట్టాలు, అన్నీ పద్ధతిగా ఉంటాయి. ఏదీ తిరగదు. అదే కాలపు స్కేలెక్‌స్ట్రిక్ కారును బోర్లించి మర విప్పితే రాగి తీగ చుట్టిన చిన్న మోటారు బయటపడుతుంది. తిరగడం తప్ప దానికి ఇంకో పని లేదు. చూపులకు మాత్రం ఏ కారు ఇంజనుతోనూ పోలిక లేదు. కారును బొమ్మలో చెప్పబోయి ఒకరు రూపాన్ని ఉంచుకుని కదలికను వదిలేశారు. మరొకరు కదలికను పట్టుకుని రూపం దగ్గర రాజీపడ్డారు. హాబీ దుకాణంలో రెండూ ఒకే అరలో కనిపిస్తాయి కాబట్టి అన్నదమ్ములనుకుంటాం. నా లెక్కలో ఇవి వియ్యంకులు. మర్యాదలు బాగానే ఉంటాయి, ఇంటి పద్ధతులే వేరు.

వయసులో పెద్ద తేడా లేదు. ఇంగ్లండ్‌లోని హ్యాంప్‌షైర్‌లో మినీమోడల్స్ అనే చిన్న కంపెనీ నడిపిన ఫ్రెడ్ ఫ్రాన్సిస్ మొదట్లో ‘స్కేలెక్స్’ పేరుతో స్ప్రింగుతో పరిగెత్తే రేకు కార్లు అమ్మేవాడు. వదిలాక అవి ఎటు పోతాయో వాటి ఇష్టం. ఆ రేకు ఒంట్లోకి మోటారు దించి, ట్రాక్ మీది గాడిలోంచి కరెంటు అందించి, పేరు చివర ‘ఎలక్ట్రిక్’ను అతికించి 1957 జనవరిలో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో పెట్టాడు. మొదటి కార్లలో మాజెరాటి 250ఎఫ్, ఫెరారీ 375 ఉన్నాయి. ట్రాక్ రబ్బరుది. మరుసటి ఏడు కంపెనీ ట్రయాంగ్ బొమ్మల యజమానులైన లైన్స్ బ్రదర్స్ చేతికి వెళ్ళింది. 1960లో రేకు పోయి ప్లాస్టిక్ వచ్చింది.

మినీమోడల్స్ చేతులు మారిన ఆ 1958లోనే అమెరికాలో, మిచిగన్‌లోని ట్రాయ్ పట్టణంలో, ఏఎంటీ తన ‘త్రీ ఇన్ వన్’ కిట్లను బజారులోకి తెచ్చింది. ఇవాళ ట్రాయ్‌లో తెలుగు ఇళ్ళు చాలానే ఉన్నాయి. కార్ల కంపెనీల్లో పని చేసేవాళ్ళూ ఎక్కువే. ఆనాటి ఏఎంటీ కూడా కార్ల కంపెనీల నీడలో బతికినదే. కొత్త మోడల్ వస్తోందంటే దాని చిన్న నమూనాలు డీలర్ల బల్లల మీదికి చేరాలి. కొనబోయేవాళ్ళకు రంగులు చూపించడానికి, వెంట వచ్చిన పిల్లాడి చేతిలో పెట్టడానికి. కార్ల కంపెనీలే ముందుగా డ్రాయింగులు ఇచ్చేవి. ఆ ప్రచార నమూనాల అచ్చులు ఎలాగూ ఉన్నాయి కదా అని, ముక్కలుగా పోసి, అదనపు ముక్కలు కొన్ని చేర్చి, పెట్టెలో పెట్టి అమ్మారు. అంటే ఈ కిట్ పుట్టుక ప్రకటన. ఆ సంగతి మరిచిపోకుండానే దాన్ని మెచ్చుకోవాలి.

మెచ్చుకోవలసింది ఆ అదనపు ముక్కల్లో ఉంది. ఒక్క పెట్టెలోంచి మూడు కార్లలో ఏదైనా కట్టుకోవచ్చు. షోరూములో ఉన్నట్టు, సొంత హంగులతో కస్టమ్‌గా, లేదా పందెం కారుగా. హాలీవుడ్‌లో కార్ల రూపం మార్చడంలో పేరు మోసిన జార్జ్ బారిస్ లాంటివాళ్ళు ఏఎంటీతో పనిచేశారు. పదిహేనేళ్ళ కుర్రాడు జేబు ఖర్చుతో కొన్న కిట్‌లో బారిస్ తరహా గ్రిల్ పెట్టాలా, కంపెనీ గ్రిల్లే ఉంచాలా అని రాత్రంతా తేల్చుకోలేకపోయేవాడు. అవధానంలో దత్తపది ఉంది కదా. పృచ్ఛకుడు నాలుగు పదాలు పారేస్తాడు, అవధాని వాటిని ఇముడ్చుకుంటూ పద్యం కట్టాలి. పదాలు ఎవరివైనా పద్యం అవధానిదే. కిట్ సరిగ్గా ఆ పని పెడుతుంది. స్కేలెక్‌స్ట్రిక్‌లా గాడిలో నడిచే స్లాట్ కారు నిషిద్ధాక్షరి. అడుగడుగునా ఎదుటివాడు ఒక అక్షరం వద్దంటాడు, ఆ వద్దన్న చోటునుంచే తప్పుకుని ముందుకు పోవాలి. ఇక్కడ ఎదుటివాడు మలుపు.

కిట్ కట్టడంలో తొందర పనికిరాదు. ముక్కలన్నీ కొమ్మకు కాయల్లా ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని వస్తాయి. తుంచితే తెల్లటి మచ్చ పడుతుంది, బ్లేడుతో కోయాలి. అచ్చు రెండు సగాలు కలిసినచోట కారు ఒంటి మీద సన్నటి గీత ఉంటుంది. ఉప్పుకాగితంతో రుద్దకుండా రంగేస్తే ఆ గీత రంగులోంచి నవ్వుతుంది. బంపర్లకు క్రోమ్ పూత ముందే ఉంటుంది. కోసినచోట పూత లేచిపోతుంది, ఆ లోపం కనపడని వైపుకు తిప్పుకోవడం ఒక నేర్పు. ఇక జిగురు. పాలీస్టైరీన్ జిగురు రెండు ముక్కల మధ్య నిలబడి పట్టుకునే రకం కాదు. రెండు అంచులనూ కరిగించి కలిపేస్తుంది, ఆరాక అవి రెండు ముక్కలు కావు. చుక్క ఎక్కువైతే చుట్టుపక్కలంతా కరుగుతుంది. జిగురంటిన వేలితో ముందు అద్దం పట్టుకుంటే వేలిముద్ర అద్దంలో అచ్చైపోతుంది. నేను కట్టిన మొదటి కారు నడిపేవాడికి దారి కనిపించే అవకాశమే లేదు.

అంటే కిట్‌లో తప్పు శాశ్వతం. స్లాట్ కారులో తప్పు ఆయుష్షు అరక్షణం. చేతిలో కంట్రోలర్, దానికి ఒక్కటే మీట. స్టీరింగ్ లేదు, గేర్లు లేవు. గాడిలోకి దిగిన చిన్న నాలుక కారును నడిపిస్తుంది, దాని రెండు పక్కలా జడలా అల్లిన రాగి తీగ ట్రాక్ మీది లోహపు పట్టీలను రాసుకుంటూ పన్నెండు వోల్టులు మోటారుకు చేరవేస్తుంది. నొక్కితే వేగం, వదిలితే నెమ్మది. ఇంత తక్కువ వ్యాకరణంతో ఏం చెప్పగలం అనిపిస్తుంది. ఒక్కసారి మలుపు దగ్గరికి రండి. ముందే వదలాలి. ఎంత ముందు అన్నది బొటనవేలికే తెలియాలి, చెబితే వచ్చేది కాదు. సరైన చోట వదిలితే తోక కొద్దిగా జారుతుంది, నాలుక గాడిలోనే ఉంటుంది, మలుపు సగం దాటగానే మళ్ళీ నొక్కితే కారు తనను తాను సరిచేసుకుని దూసుకుపోతుంది. ఆలస్యంగా వదిలితే బల్లకింద పడుతుంది. ఎవరో ఒకరు తీసి పెడతారు, ఆట సాగుతుంది. తరవాతి కాలంలో కారు అడుగున అయస్కాంతం పెట్టి ట్రాక్‌కు అతుక్కునేలా చేశారు. ఆ జారుడే లేకపోయాక ఆటలో మిగిలింది చేతివేగమే. నా మటుకు అయస్కాంతం తీసేసి ఆడేవాళ్ళ పక్షమే.

రెండు కొలతల గురించి చిన్న మాట. స్కేలెక్‌స్ట్రిక్ సుమారు 1/32, అమెరికన్ కిట్ 1/25. ఒకటి అరచేతిలో ఇముడుతుంది, రెండోది దాదాపు జానెడు. 1960లో ఆరోరా కంపెనీ ‘మోడల్ మోటరింగ్’ అని వేలెడంత కార్లు కూడా తెచ్చింది. వాటిలో పోలిక వెతకడం వృథా, కానీ వంటింటి బల్ల మీదే గ్రాండ్‌ప్రీ పెట్టుకోగలిగారు.

వియ్యంకులన్నాను గనక పెళ్ళి గురించి చెప్పాలి. అరవైల నడుమ అమెరికాలో స్లాట్ కార్ల పిచ్చి పట్టింది. పట్టణం పట్టణానా రేస్‌వేలు వెలిశాయి. ఎనిమిదేసి వరసల పెద్ద ట్రాక్ మీద గంటకింత అద్దె కట్టి సొంత కారు నడుపుకోవచ్చు. ఆ డబ్బు చూసి కిట్లు చేసే రెవెల్, మోనోగ్రామ్, ఏఎంటీ అన్నీ స్లాట్ కార్లలోకి దిగాయి. కాక్స్ లాంటివాళ్ళు మెగ్నీషియం చాసిస్‌లు పోశారు. కొన్నాళ్ళు రెండు విద్యలూ ఒకే కారులో కాపురం చేశాయి. కిట్‌లోంచి వచ్చినట్టే తీరైన ఒళ్ళు, కింద ఇత్తడి చట్రం, మోటారు. సీట్లుండే చోటును మోటారు మింగేసింది కాబట్టి నడిపేవాడు ఛాతీ వరకే మిగిలాడు. ఆ సగం మనిషిని చూసి నాకు ఎప్పుడూ జాలే. కానీ ఆ రెండు మూడేళ్ళ కార్లు, అందులోనూ 1/24 కొలతలోవి, ఈ రెండు కళల్లోనూ ఉత్తమమైన పని అని నా అభిప్రాయం.

కాపురం నిలవలేదు. పందెం ముదిరేకొద్దీ బరువు శత్రువైంది. పలచటి పారదర్శకమైన పాలీకార్బొనేట్ రేకును వేడిచేసి అచ్చుమీద లాగి, లోపలివైపు రంగేసి తొడిగేశారు. మోటారు తీగలు మళ్ళీ చుట్టారు, టైర్లకు స్పాంజి వచ్చింది. కళ్ళు పట్టుకోలేనంత వేగం వచ్చింది. కారు మాత్రం గుర్తుపట్టలేని చీలికముక్కలా తయారైంది. చేతిలో డబ్బున్నవాడి కారుతో పోటీపడలేక కుర్రాళ్ళు తగ్గారు, అరవైలు ముగిసేసరికి రేస్‌వేలు వరసగా మూతబడ్డాయి. కిట్ ఎప్పుడూ ఈ తప్పు చేయలేదు. చేయలేదు అనడం కన్నా చేయడానికి దానికి అవకాశం లేదు అనాలి. పరిగెత్తనిదానికి పందెం ప్రలోభం ఉండదు.

కిట్‌కు ప్రమాదం వేరే దిక్కునుంచి వచ్చింది, సేకరణ రూపంలో. దీనికి మూలం అచ్చుల్లో ఉంది. ఏటేటా కారు ముఖం మారేది గనక ఏఎంటీ కొత్త అచ్చు చేయించకుండా చాలాసార్లు పాత అచ్చునే చెక్కి కొత్త ఏటికి మార్చేది. 1963 కారును 1964 కారుగా చెక్కాక 1963 కారు లోకంలో మళ్ళీ పుట్టే దారి లేదు. అప్పటికి పెట్టెల్లో ఉన్నవే ఉన్నవి. అందులో కట్టినవి పోగా మిగిలినవి ఇంకా తక్కువ. అందుకే సీలు విప్పని పాత పెట్టెకు అంత ధర. ఇది అర్థమైనా నాకు మింగుడుపడదు. పెట్టెలో మూడు కార్లున్నాయి, సీలు విప్పనంతకాలం ఒక్క కారూ లేదు. దత్తపదికి ఇచ్చిన నాలుగు పదాలను అద్దాల బీరువాలో పెట్టి పద్యం చెప్పనివ్వకపోవడం లాంటిది. పైగా లోపల ఏం జరుగుతోందో కొన్నవాడికి తెలియదు. పాత ప్రచార నమూనాల్లో వాడిన ఎసిటేట్ రకం ప్లాస్టిక్ ఏళ్ళు గడిచేకొద్దీ దానంతటదే వంకరపోతుంది. కిట్లలోని మెత్తటి వినైల్ టైర్లు తమకు తగిలిన స్టైరీన్‌ను నెమ్మదిగా కరిగిస్తాయి. ఏళ్ళ తరబడి ముట్టుకోకుండా కాపాడిన పెట్టెలో టైరు పక్కనే ఉన్న కారు పైకప్పును తినేసి ఉండొచ్చు.

స్లాట్ కార్ల సేకర్తలకూ పిచ్చి తక్కువేం కాదు. అరవైలనాటి స్కేలెక్‌స్ట్రిక్ బుగాటి టైప్ 59 పేరెత్తితే వాళ్ళ గొంతు మారుతుంది. అయినా అక్కడొక సౌలభ్యం ఉంది. వాళ్ళ కారులో టైర్లు, రాగి జడలు, మోటారు బ్రష్‌లు ఎప్పటికైనా అరిగేవే. పాత రబ్బరు గట్టిపడి ట్రాక్ మీద జారుతుంది, మార్చక తప్పదు. మార్చిన కారు అసలుదేనా అని వాళ్ళు దెబ్బలాడుకుంటారు గానీ, మార్చాక వోల్టులు ఇచ్చి ఒక చుట్టు తిప్పి చూడకుండా ఉండలేరు. తిప్పితే నిజం బయటపడుతుంది. సీలున్న కిట్‌కు అలాంటి పరీక్ష లేదు. రచనగా చూస్తే కిట్టే పెద్దది, మూడు దారులు చూపి నిర్ణయం నీదే అంటుంది. సేకర్త చేతిలో మాత్రం స్లాట్ కారే తన స్వభావాన్ని ఎక్కువ నిలబెట్టుకుంది.

ఇందువల్లనే సేకర్తలు ‘గ్లూ బాంబ్’ అని ఈసడించే రకం మీద నాకు అభిమానం. ఏ కుర్రాడో అప్పట్లో జిగురు ధారపోసి కట్టేసిన కారు. ట్రాయ్‌లో మా మేనల్లుడు ఒక ఇంటి ముందు పాత సామాన్ల అమ్మకంలో అలాంటిదొకటి పట్టుకొచ్చాడు. అరవైలనాటి ఫోర్డ్ గెలాక్సీ. రంగు కుంచెతో వేసింది, వెంట్రుక కూడా ఒకటి అంటుకుని ఉంది. వెనక బంపర్ వంకర. సేకర్త ఎవరూ ముట్టుకోరు.

“మావయ్యా, దీనికి ఎలాగూ విలువ లేదు. కింద ఇత్తడి చట్రం కట్టి మోటారు పెట్టేద్దాం, బేస్‌మెంట్ ట్రాక్ మీద పరిగెడుతుంది” అన్నాడు.

నాకూ నచ్చింది. బానెట్ ఎత్తి చూశాం. కారు మొత్తంలో కుర్రాడు శ్రద్ధ పెట్టింది ఒక్క ఇంజను మీదే. బ్లాకు నీలం, ఎగ్జాస్ట్ గొట్టాలు తెలుపు, ఫ్యాను బెల్టు మాత్రం నల్లగా, బహుశా పుల్లమొనతో, గీత దాటకుండా. గాడి నాలుక బిగించాలంటే ఆ ఇంజను అడ్డం. తీసేయాలి.

పాత అతుకులు ఊడదీయడానికి కారును ఫ్రీజర్‌లో పెట్టడం మోడలర్లందరికీ తెలిసిన చిట్కా. చలికి జిగురు పెళుసెక్కుతుంది. కరివేపాకు సంచుల పక్కన రెండు రోజులుంచాం. మూడో రోజు వేలితో తడితే బంపర్ ఊడింది, అద్దం ఊడింది, సీట్లు ఒకటొకటే రాలాయి. ఇంజను మాత్రం రాలేదు.