నేల తాకని విడిది

అరకు పద్మాపురం గార్డెన్స్‌లోని చెట్టు గుడిసెల ఫోటో చూడనివాళ్లు మనలో తక్కువే. చెట్లను ఆనుకుని, మెట్లెక్కి చేరే చిన్న గదులు. నాకూ ముచ్చటగానే ఉంటాయి. కానీ వాటిని కట్టడంగా చదవాలంటే ముందు ఆ తోట కథ తెలియాలి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిన తోట అది. తర్వాత ఉద్యాన నర్సరీ, శిక్షణ కేంద్రం అయింది. మొక్కల పని నేర్పే చోటు కాబట్టి ఒకరకంగా బడే. ఆ బడి ఆవరణలోకి విడిది వచ్చి చేరింది.

బడీ విడిదీ ఒకచోట ఉండటం మనకు కొత్తేం కాదు. పగలు వీధిబడి నడిచిన అరుగు మీదే రాత్రి బాటసారి నడుం వాల్చేవాడు. అరుగు సగం ఇంటిది, సగం వీధిది. అక్కడ కూర్చున్నవాణ్ణి ఏ ఊరు నాయనా అని ఎవరో ఒకరు అడిగేవారు. చెట్టు గుడిసెలో నాకు కనిపించే లోటు ఇదే. మెట్లు, తలుపు, తలుపు వెనక మనం. పైనుంచి అంతా కనిపిస్తుంది, మాట కలిపే జాగా మాత్రం ఉండదు.

ఈ కొండల్లోని గదబల పాత ఇళ్లను తలుచుకోండి. గుండ్రటి గోడలు, శంఖాకారపు గడ్డికప్పు. నేలను వదలని ఇల్లు అది. 'గిరిజన శైలి' పేరుతో రిసార్టులు తీసుకునేది ఆ కప్పునే తప్ప నేలతో ఆ ఇంటికున్న సంబంధాన్ని కాదు.

అరకులో నేల అనేది చిన్న మాట కాదు. గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించిన 1/70 చట్టం ఉన్న ప్రాంతం. పక్కనే అనంతగిరి మండలంలో, బొర్రా ప్రాంతపు మైనింగ్ లీజుల మీద నడిచిన పోరాటమే 1997 సమత తీర్పుదాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇంత చరిత్రున్న చోట గాల్లో గది కట్టి పడుకోబెడితే, కింద నేల ఎవరిదన్న ప్రశ్న అతిథికి తట్టనే తట్టదు.

కాంక్రీటు లాడ్జీలకంటే ఇవి నయమే, కాదనను. కూల్చమనీ అనను. ప్రతి గుడిసె కింద మట్టితో అలికిన ఒక అరుగు వేయమంటాను. నర్సరీలో పనిచేసేవాళ్లు, అక్కడ నేర్చుకునేవాళ్లు, మనలాంటి సెలవులకొచ్చినవాళ్లు కాసేపు కూర్చునే చోటు. ఏ ఊరని మనల్ని వాళ్లు అడగాలి. ఈ తోట ఎవరి చేతుల మీద పెరిగిందో మనం అడగాలి.