అంచు తిరగేసి చూడండి

ఒడిశా బరంపురం పట్టుచీర కొనేవాళ్లు మొదట రంగు చూస్తారు, తర్వాత జరీ, ఆ తర్వాత ధర. నన్నడిగితే ఈ మూడూ పక్కన పెట్టి, మడత విప్పి, అంచూ చీర ఒళ్లూ కలిసే చోట తిరగేసి చూడమంటాను. నేతగాడి చెయ్యి దొరికేది అక్కడే. ఒంటి రంగు పేక పోగు అంచు దాకా వచ్చి, అవతలి నుంచి వచ్చిన అంచు రంగు పోగును మెలేసుకుని, వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. వరసవరసకీ ఆ మెలి కొన్ని పడుగు పోగుల మేర లోపలికి జరుగుతూ పోయి, మళ్లీ తగ్గుతూ వస్తుంది. అలా ఎక్కి దిగిన చోట గుడి శిఖరం లేస్తుంది. దాని పక్కన ఇంకోటి. చీర పొడుగునా, రెండు అంచులకీ అంతే. కుంభం అంటే ఆ శిఖరమే. ఫొడా కుంభ అంచు లేని చీరను బరంపురం పట్టు అనడానికి నాకు నోరు రాదు.

ఇది మూడు నాడెల నేత. ఒంటికి ఒక నాడె, అటూ ఇటూ అంచులకు చెరొకటి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతగాడు నడిమి నాడె విసురుతాడు. అంచు నాడె అందివ్వడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఎక్కువ ఇళ్లలో ఆ రెండో మనిషి భార్యో కొడుకో. మెలి వదులైతే అంచు దగ్గర సందు పడుతుంది, బిగిస్తే చీర ముడుచుకుపోతుంది. పలక ఎంత బలంగా కొట్టాలో కొలిచే పరికరం లేదు, చేతికి తెలియాలి. ఇంత కష్టం దేనికంటారా? అంచులో పడుగూ పేకా రెండూ ఒకే రంగువి కావడానికి. అందుకే ఆ ఎరుపు నిఖార్సైన ఎరుపుగా, ఆ పసుపు చిక్కటి పసుపుగా నిలబడతాయి. ఒకే నాడెతో ఈ కొస నుంచి ఆ కొస దాకా నేసేస్తే ఒంటి రంగు పేక అంచులోకీ పోయి, ఎంత మంచి రంగైనా నీళ్లు కలిపినట్టు తేలిపోతుంది. దీపం వెలుగులో చీర అటూ ఇటూ వంచి చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది.

అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన సిరిసిల్ల నల్ల పరంధాములు గురించి, ఆ విద్యను నిలబెట్టిన కొడుకు విజయ్ గురించి మనవాళ్లు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. చెప్పాల్సిందే, అంత పల్చన సాధించడం ఆషామాషీ కాదు. కానీ బరంపురం నేతలో గొప్పతనం బరువులో ఉంది. కట్టుకున్న మనిషి నడిస్తే కుచ్చిళ్లు వాటి దారిన అవే పడతాయి. పెళ్లిలో వధువు చీర, వరుడి జోడా, అంటే మగవాళ్ల పట్టుబట్టలు, ఒకే మగ్గం మీద నుంచి దిగాలని పట్టుబట్టే కుటుంబాలు గంజాం జిల్లాలో ఇప్పటికీ ఉన్నాయి. ఒడిశా చేనేత అనగానే దేశమంతా సంబల్‌పురి పేరెత్తుతుంది. ఇందిరా గాంధీ కట్టుకున్నారు కాబట్టి దాని దశ తిరిగింది. దారానికి ముందే ముడులు వేసి అద్దకం చేసే ఆ బంధ పని గొప్పదే, నేను కాదనను. అయినా నేను బరంపురం పక్షం, ఇందులో దాచేదేమీ లేదు.

ఈ చీర నేసేది డేరా కులస్తులు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. మహురీ రాజులు రాజమండ్రి వైపు నుంచి నేతగాళ్లను పిలిపించి ఇక్కడ నిలిపారని పెద్దలు చెబుతారు. అంతకు మించి తవ్వుకుంటూ కూర్చుంటే చీర సంగతి మరిచిపోతాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు రాజధానిలోదే, వి.వి. గిరి పుట్టింది ఇక్కడే. ఇచ్ఛాపురం దాటగానే పరాయి రాష్ట్రం అనుకునే శ్రీకాకుళం వాళ్లకు ఈ సంగతి గుర్తు చేస్తూ ఉండాలి.

రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే బుఢీ ఠాకురాణి యాత్రకూ ఈ నేత కుటుంబాలకూ ఉన్న బంధం పుట్టింటి బంధం. అమ్మవారు డేరా కులపెద్ద దేశీబెహరా ఇంటి ఆడపడుచు. గుడి వదిలి దేశీబెహరా వీధిలో వేసిన పందిట్లోకి పుట్టింటికి వస్తుంది, మూడు నాలుగు వారాలు ఉంటుంది. రాత్రిపూట ఘటాలు వీధివీధీ తిరుగుతాయి. మొక్కుకున్నవాళ్లు పులివేషాలు, దేవుళ్ల వేషాలు కట్టి వెంట నడుస్తారు. వీధి మొగల్లో రథాలు నిలబెడతారు. ఇవి తాడు పట్టి లాగే రథాలు కావు, పురాణ ఘట్టాలను నిలువెత్తు బొమ్మలతో కూర్చిన కొలువులు. 2025లో జరిగిన యాత్రకు వచ్చిన జనాన్ని చూస్తే, ఆ నెల రోజుల్లో ఊళ్లో జరిగే అమ్మకం ఒక్కో చేతివృత్తి కుటుంబాన్ని ఏడాది పొడుగునా నిలబెట్టొచ్చు అనిపిస్తుంది. నిలబెట్టొచ్చు, అంతే. నిలబెడుతోందని చెప్పలేను.

హల్దియాపదర్ కొత్త బస్టాండులో దిగి ఊళ్లోకి వస్తే యాత్ర బజారులో ఏముంటుందో చెబుతాను. అప్పడాలు, ఊరగాయలు సరేసరి, బరంపురం వచ్చి అవి కొనని మనిషి లేడు. వాటి పక్కనే, కళ్లున్నవాళ్లకు కనిపించే సరుకు వేరే ఉంటుంది.

బెళగుంఠ ఇత్తడి చేప చేతిలోకి తీసుకోండి. తోక పట్టుకుని కొంచెం ఎత్తితే ఒళ్లంతా మెలికలు తిరుగుతుంది. అచ్చులో పోసిన ముద్ద అయితే అలా వంగదు. సన్నటి ఇత్తడి ముక్కలు వరసగా ఒకదానిలో ఒకటి జొనిపి, తల నుంచి తోక దాకా సన్నబడుతూ వచ్చేలా కూర్చాలి. ఒక్క వరస అటూ ఇటూ అయినా చేప అక్కడ విరిగినట్టు నిలబడిపోతుంది. కళ్లకు ఎర్ర రాళ్లు. ఘుమ్‌సర్ భంజ రాజుల కాలం నాటి పని అంటారు, అయి ఉండొచ్చు. నాకు కావలసింది ఆ వంపు. మంచి పనివాడి చేప వంగేటప్పుడు చప్పుడు చెయ్యదు. నాసి చేప గలగలమంటుంది. కొనేముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి. అమ్మేవాడు నవ్వితే నవ్వనివ్వండి.

గంజపా పేకముక్కలు గుండ్రంగా ఉంటాయి. పాత నూలు గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, ఎండబెట్టి, గుండ్రంగా కత్తిరించి, రంగు వేసి, లక్క పూత పెడతారు. తెలుపుకు శంఖం పొడి, ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరితాళం, నలుపుకు దీపం మసి. రంగు అంటుకోవడానికి వెలగ బంక. ఒక్కో రంగుకు పన్నెండు ముక్కలు: పది అంకెలు, ఒక రాజు, ఒక మంత్రి. ఎనిమిది రంగుల కట్ట అయితే 96, దశావతారాల కట్ట అయితే 120, పన్నెండు రంగులైతే 144. అరచేతిలో ఇమిడిపోయే ముక్కలో నరసింహుడి గోళ్లు, హిరణ్యకశిపుడి పేగులు రెండూ కనబడేలా గీసిన చిత్రకారుడి కుంచెకు ఎన్ని వెంట్రుకలుంటాయో అని నేను ఎప్పుడూ ఆశ్చర్యపోతాను. ఇప్పుడు ఆడేవాళ్లు కరువైపోయి, గోడకు తగిలించుకునేవాళ్లు మిగిలారు. పర్లాకిమిడి కొమ్ము పని కూడా అంతే. గేదె కొమ్మును వేడి చేసి మెత్తబరచి సాగదీసి చెక్కిన కొంగ మెడ చూస్తే కొమ్మనే సంగతి మరిచిపోతాం.

ఇక లక్కబొమ్మలు. ఏటికొప్పాక పేరు చెప్పి అమ్మేవి యాత్రలో కుప్పలుగా ఉంటాయి. అసలు ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రది. తిరిగే కర్ర మీద లక్క ముక్క ఒత్తితే రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుంది. మొగలి పూల అత్తరుకు దేశమంతటికీ పేరుమోసిన గంజాం జిల్లాలో నిలబడి, మొగలి ఆకు సాన పట్టిన బొమ్మను గుర్తుపట్టలేకపోతే సిగ్గుచేటు. రసాయన రంగుల్లో కొట్టుకుపోతున్న ఆ ఊరికి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులను తిరిగి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం నిండా ఏటికొప్పాక బొమ్మలే. ఇన్ని గౌరవాలు జరిగాక, యాత్ర బజారులో పిల్లల చేతుల్లో ఉన్నది ఏది? స్ప్రే రంగు పూసిన యంత్రపు చెక్క. నోట్లో పెట్టుకుంటే రంగు నాలుక్కి అంటుకుంటుంది. దాని మీద ఏటికొప్పాక అని కాగితం అతికించి అమ్మేవాడికి ఏ శిక్షా లేదు. 2017లో ఇచ్చిన భౌగోళిక గుర్తింపు పత్రం దుకాణం గోడ మీద అలంకారంగా మిగిలిపోయింది.

పట్టుచీర విషయంలో మోసం ఇంకా నాజూకుగా జరుగుతుంది. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు 2012లో వచ్చింది. అయినా కుంభం అంచు నమూనాను మరమగ్గాల మీద జాకార్డుతో దించేసి, ఏ ఊళ్లో నేసినా బరంపురం పట్టు అనే పేరుతోనే తెచ్చి బరంపురంలోనే అమ్ముతున్నారు. ఒక యాత్రలో ఓ కొట్టువాడు నాకు అలాంటి చీర చూపించి, అసలు చేనేతేనని అమ్మవారి మీద ఒట్టేశాడు. అంచు తిరగేస్తే పోగులన్నీ వెనకాల వేలాడి కత్తిరించి ఉన్నాయి, మెలి అన్నదే లేదు. అదేమిటని అడిగితే సిల్క్ మార్కు చీటీ తీసి చూపించాడు. మనవాళ్లు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. సిల్క్ మార్కు దారం స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే చెబుతుంది. మగ్గాన్ని చెయ్యి నడిపిందా కరెంటు నడిపిందా అన్నది దానికి పట్టదు. చేనేత సంగతి చెప్పే గుర్తు వేరు, 2006లో మొదలైన హ్యాండ్‌లూమ్ మార్కు. ఆ రెండూ ఉన్నాయా అని అడిగే కొనుగోలుదారు వందమందిలో ఒక్కరు కూడా కనబడరు.

చట్టం లేకనా? 1985 నాటి చేనేత రిజర్వేషన్ల చట్టం ఉంది. దాన్ని సుప్రీంకోర్టు 1993లో సమర్థించింది కూడా. మొదట 22 రకాలు చేనేతకే అని రాసుకున్నారు, అవి తగ్గి తగ్గి 11కి వచ్చాయి. చీర, పంచె, తువ్వాలు, లుంగీ ఇప్పటికీ ఆ పదకొండులో ఉన్నాయి. యాత్ర బజారులో ఒక్క సాయంత్రం ఒక్క అధికారి ఆ జాబితా పట్టుకుని తిరిగితే ఎన్ని కొట్లు మూసుకోవాలో! మరోపక్క ఆగస్టు 7ను జాతీయ చేనేత దినం అని 2015 నుంచి పండగ చేసుకుంటున్నాం, 2020లో అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసేశాం. మూడో గణనలో 43 లక్షలకు పైగా ఉన్న చేనేత, అనుబంధ పనివాళ్లు 2019-20 నాటి నాలుగో గణనకు 35 లక్షలకు పడిపోయారు. వాళ్లలో ఎందరు నాడె అందించే ఆ రెండో మనిషో ఊహించుకోండి. ముందు పోయేది ఆ మనిషే. ఇద్దరి పనికి ఒకరి కూలి వచ్చే చోట కొడుకును మగ్గం దగ్గర ఎవరు కూర్చోబెడతారు? సూరత్ మిల్లులకు వెళ్లే రైళ్లలో గంజాం కుర్రాళ్లు కిక్కిరిసి ఉంటారన్నది ఇక్కడ అందరికీ తెలిసిందే. తాతలు పట్టు నేసిన పిల్లలు అక్కడ పాలిస్టర్ మరమగ్గాల మధ్య పన్నెండు గంటలు నిలబడుతున్నారు. ఆ పాలిస్టరే మళ్లీ రైలెక్కి ఠాకురాణి యాత్రకు వచ్చి, వాళ్ల ఇంటి ముందే తక్కువ ధరకు అమ్ముడుపోతుంది. తలుచుకుంటే కడుపు మండిపోతుంది.

అమ్మవారు నేతగాళ్ల ఆడపడుచు అయినప్పుడు యాత్రలో మొదటి వరస కొట్లు ఎవరికి దక్కాలి? ఎక్కువ అద్దె ఇచ్చేవాడికి దక్కుతున్నాయి. పందిరికి దగ్గర్లో పది కొట్లు అద్దె లేకుండా మగ్గం ఉన్న ఇళ్లకు, బెళగుంఠ పనివాళ్లకు, చిత్రకారులకు ఇమ్మని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఒక గుంట మగ్గం అక్కడే పెట్టి మూడు నాడెల నేత జనానికి చూపించాలి. ఒకసారి ఆ మెలి పడటం కళ్లారా చూసిన ఆడవాళ్లు జాకార్డు చీరకు మళ్లీ మోసపోరు. వాళ్లు బేరం కూడా ఆడరని నా నమ్మకం, ఇది మాత్రం కొంచెం ఎక్కువ ఆశే కావచ్చు.

లెక్క ప్రకారం వచ్చే యాత్ర 2027 చైత్రంలో. ఇంట్లో పెళ్లి ఉన్నవాళ్లు అందాకా ఆగొద్దు. చీర, జోడా కావాలంటే డేరా వీధుల్లోకి నేరుగా వెళ్లి, రంగులు చెప్పి, బయానా ఇచ్చి నేయించుకోండి. నెలా రెండు నెలలు ముందుగా వెళ్లండి. మగ్గం మీద ఉండగానే ఒకసారి చూస్తామంటే ఎవరూ కాదనరు. చూపించనన్న చోట కొనకండి.