ఫ్రోమ్ నాణేల నిధి: ఒక వ్యాఖ్యానంపై విమర్శ

2010లో ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ ప్రాంతంలో, ఫ్రోమ్ పట్టణం దగ్గరి పొలంలో ఒకే కుండలో 52,503 రోమన్ నాణేలు దొరికాయి. మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతున్న వ్యక్తి కొన్ని నాణేలు కనబడగానే తవ్వకం ఆపి కబురు చేశాడు. ఈ వివరాన్ని మీరు తేలికగా తీసుకోవద్దు. తరువాతి వాదమంతా దీనిపైనే ఆధారపడింది.

పురావస్తు శాస్త్రజ్ఞులు నాణేలను పొరలు పొరలుగా తీశారు. వాటిలో చివరివి, బ్రిటన్‌లో తిరుగుబాటు చేసి చక్రవర్తిగా ప్రకటించుకున్న కరౌసియస్ (క్రీ.శ. 286-293) నాణేలు. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్మయితే ఇవి పైన ఉండాలి. కాని అత్యధిక భాగం కుండ సగానికి దిగువనే ఉన్నాయి. అంటే కొద్దికొద్దిగా చేర్చింది కాదు, మొత్తం ఒకేసారి పోసిందన్నమాట. నాణేల బరువు దాదాపు 160 కిలోలు. అంత బరువుతో ఆ పలుచని కుండను ఎత్తలేరు కనుక ముందు కుండను పాతి, తరువాత నింపి ఉండాలి.

ఇంతవరకు సాక్ష్యం గట్టిది. బ్రిటిష్ మ్యూజియం పరిశోధకులు మరో అడుగు వేసి, ఇది దేవతలకు అర్పించిన కానుక కావచ్చునన్నారు. కుండ పగలగొట్టనిదే సొమ్ము తిరిగి తీయడం కష్టమన్నది వారి వాదన. ఇక్కడ మీరు ఆగి ప్రశ్నించాలి. మట్టి హుండీని పగలగొట్టే కదా డబ్బు తీసుకుంటాం! ఒకేసారి పోశారన్నది 'ఎలా' అనే ప్రశ్నకు జవాబు, 'ఎందుకు' అనే ప్రశ్నకు కాదు.

సేకరణదారుల లెక్క వేరు. కరౌసియస్ ముద్రించిన 5 వెండి దినారియస్‌లు వారికి అపురూపం. మిగతావి చాలావరకు విడిగా చవక నాణేలే. కుండను అక్కడే ఒలకబోసి విడివిడిగా అమ్మి ఉన్నా ఆ అయిదింటి ధర తగ్గేది కాదు. ఏ నాణెం ఏ పొరలో ఉన్నదో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు.