రాసుకున్న వారం, పరుగెత్తిన వారం

ఆదోని, ఎమ్మిగనూరు వైపు తెల్లవారుజామున మైదానానికి వచ్చే యువకుల్లో చాలామంది గురి ఉద్యోగం మీదే. కానిస్టేబుల్ ఈవెంట్లయినా, ఆర్మీ ర్యాలీ అయినా 1600 మీటర్ల పరుగే మొదటి గండం. 2022 నాటి ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం పురుషులు దాన్ని 8 నిమిషాల్లో ముగించాలి. అగ్నివీర్ తొలి ర్యాలీల్లో ఐదున్నర నిమిషాల లోపు వచ్చినవారికి 60 మార్కులు ఇచ్చారు. అందుకే అందరి కళ్లూ స్టాప్‌వాచ్ మీదే ఉంటాయి. కానీ ఇవాళ ఎంత సమయం పట్టిందో మాత్రమే స్టాప్‌వాచ్ చెబుతుంది, ఎందుకు పట్టిందో చెప్పదు. ఆ కారణం వారం మొత్తం సాధనలో దొరుకుతుంది. ఈ వారం ఏం చేయాలనుకున్నాం, నిజానికి ఏం చేశాం అన్న రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి మన మైదానాలకు అత్యవసరం.

మారథాన్, సైక్లింగ్, ట్రయథ్లాన్ శిక్షకులు ఈ పనికి సాఫ్ట్‌వేర్ వాడతారు. వాటిలో పేరున్న ట్రైనింగ్‌పీక్స్ 1999లో అమెరికాలో మొదలైంది. శిక్షకుడు క్యాలెండర్‌లో ఏ రోజు ఎంత చేయాలో ముందే రాస్తాడు. పరుగు ముగిశాక చేతి గడియారం నుంచి అసలు లెక్క వచ్చి అదే గడిలో చేరుతుంది. చేసినది అనుకున్నదానిలో 80 నుంచి 120 శాతం మధ్య ఉంటే గడి ఆకుపచ్చగా మారుతుంది. 50 నుంచి 79 శాతం వరకు చేసినా, 121 నుంచి 150 శాతం వరకు చేసినా పసుపు. సగం కంటే తక్కువైతే నారింజ, అసలు చేయకపోతే ఎరుపు. ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. ఒకటిన్నర రెట్లు దాటినా గడి నారింజ రంగే అవుతుంది. ఎక్కువ కష్టపడటాన్ని కూడా ప్రణాళిక తప్పడంగానే లెక్కించడం ఈ పద్ధతిలోని అసలు విలువ. ఎంత ఎక్కువ పరుగెత్తితే అంత మంచిదన్న నమ్మకం బలంగా ఉన్నచోట ఈ పాఠం ముందుగా చేరాలి.

ఖరీదైన గడియారం లేనివారికీ దారి ఉంది. అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో సాధన చేసిన నిమిషాలను, అది ఎంత కష్టంగా అనిపించిందో చెప్పే 0 నుంచి 10 లోపు అంకెతో గుణిస్తారు. ఉదాహరణకు ఒక అభ్యర్థి వారం చూద్దాం. ప్రణాళికలో సోమవారం తేలిక పరుగు 40 నిమిషాలు, కష్టం 3, అంటే 120. మంగళవారం 400 మీటర్ల రౌండ్లు 45 నిమిషాలు, కష్టం 7, అంటే 315. గురువారం మళ్లీ తేలిక పరుగు 120. శుక్రవారం గట్టి పరుగు 240, శనివారం తేలికగా 90, ఆదివారం నిదానంగా దూరం 240. బుధవారం విశ్రాంతి. మొత్తం 1125. ఇక జరిగింది చూడండి. సోమవారం స్నేహితులతో పోటీ పడటంతో కష్టం 6కు చేరి 240 అయింది. ఆ అలసటతో మంగళవారం రౌండ్లు మందగించి 225 వచ్చింది. గురువారం మళ్లీ పోటీ, 240. శుక్రవారం కాళ్లు బరువెక్కి 180. శనివారం మానేశాడు. ఆదివారం 240. కూడితే ఇదీ సరిగ్గా 1125. మొత్తం మాత్రమే చూసేవాడికి వారం నూటికి నూరు శాతం. రోజులవారీగా చూస్తే తేలిక రోజులు బరువెక్కాయి, బరువు రోజులు తేలికయ్యాయి.

ఇది కేవలం లెక్క కోసం అల్లిన వారం కాదు. శిక్షకులు ఉద్దేశించిన తీవ్రతను, క్రీడాకారులు అనుభవించిన తీవ్రతను ఫోస్టర్ బృందం పోల్చి 2001లో ప్రచురించిన అధ్యయనంలో సరిగ్గా ఇదే ధోరణి కనిపించింది. తేలికగా చేయమన్న రోజున క్రీడాకారులు ఎక్కువ కష్టపడ్డారు, గట్టిగా చేయమన్న రోజున తక్కువ చేశారు. అలా అన్ని రోజులూ ఒకే మధ్యరకం శ్రమగా మారితే అలసట పెరుగుతుంది, వేగం పెరగదు. నెలలు గడిచినా సమయం తగ్గక బాధపడే అభ్యర్థి తన పట్టుదలను అనుమానించే ముందు తన సోమవారాలను పరిశీలించాలి.

ఈ పద్ధతి మీద అభ్యంతరాలు ఉన్నాయి. జిన్నింగ్ మిల్లులో రాత్రి పనిచేసేవాడికి, మగ్గం మీద రోజంతా కూర్చునేవాడికి, సుగ్గికి గుంటూరు వైపు వలస వెళ్లే కుటుంబంలోని కుర్రాడికి వారం ప్రణాళిక ఎలా కుదురుతుందన్నది మొదటిది. నిజమే, కుదరని వారాలు ఉంటాయి. అలాంటివారికే ఈ లెక్క ఎక్కువ అవసరం. పని రోజుల్లో వరసగా ఎరుపు పడుతుంటే తప్పు మనిషిది కాదు, ప్రణాళికది. వచ్చే వారం దాన్నే తగ్గించి రాయాలి. ఎండల విషయంలోనూ ఈ లెక్క పనికొస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో అదే వేగానికి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. దూరం మాత్రమే రాసుకుంటే ఈ తేడా కనపడదు. కష్టం అంకె రాసుకుంటే కనపడుతుంది. ఆకుపచ్చ రంగు కోసం నొప్పితోనూ పరుగెత్తుతారన్నది రెండో అభ్యంతరం. ఈ ప్రమాదం వాస్తవమే కనుక ఒక నియమం తప్పనిసరి. తప్పిన సాధనను మరుసటి రోజుకు బాకీగా మోయకూడదు. పోయిన రోజు పోయినట్టే.

ప్రణాళిక మారడం కూడా మనకు కొత్త కాదు. కానిస్టేబుల్ ప్రిలిమినరీ పరీక్ష 2023 జనవరి 22న జరిగితే, ఈవెంట్లు 2024 డిసెంబరు 30న గానీ మొదలుకాలేదు. తేదీ తెలియని అంత కాలం రోజూ పరీక్ష రోజులా పరుగెత్తడం ఏ శరీరానికీ సాధ్యం కాదు. వారాన్ని కొలతగా పెట్టుకున్నవాడు భారం తగ్గించుకుంటూ, పెంచుకుంటూ నిలబడగలడు.

కాబట్టి ఈవెంట్లకు సిద్ధమయ్యేవారికి, వారిని తీర్చిదిద్దే పీఈటీ మాస్టార్లకు ఒక విన్నపం. ఒక నోటు పుస్తకంలో రెండు వరసలు గీయండి. ఆదివారం సాయంత్రం మొదటి వరస నింపండి. పరుగు ముగిసిన ప్రతి రోజూ రెండో వరస నింపండి. ఏం జరిగినా మొదటి వరసను దిద్దకండి. వారం చివర రెంటినీ కలిసి చదివి, ఆ తర్వాతే వచ్చే వారం రాయండి.